మీకు తెలుసా? పొగతోటలో పొగ తాగరాదు

నెల్లూరులో ఒంట్లో బాగాలేని వాళ్లు ఆటో ఎక్కి చెప్పే మొదటి పేరు పొగతోట. పిల్లల డాక్టరు కావాలన్నా, ఎముకల డాక్టరు కావాలన్నా, స్కానింగు తీయించుకోవాలన్నా ఆ నాలుగు వీధుల్లోనే తిరగాలి. పేరు చూస్తే పొగాకు తోట. గోడలు చూస్తే ‘పొగ తాగరాదు’ బోర్డులు. ఇంత చక్కని కార్టూను ఎవరూ గీయలేదు, ఊరే గీసుకుంది.

పొగాకును తిట్టడానికి రాస్తున్నది కాదిది. తిట్టినా మనకు నప్పదు. సముద్రం వైపు వరి, రొయ్యల గుంటలు. మెట్ట వైపుకు పోతే వర్జీనియా పొగాకు. కలిగిరిలో, మర్రిపాడు మండలం డి.సి.పల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. పొగాకు క్యూరింగ్ బ్యారన్ల కాడ నిద్ర కాచి బిడ్డల్ని చదివించిన కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో. ఆ బిడ్డలు ఇప్పుడు మాగుంట లేఅవుట్‌లోనో వేదాయపాళెంలోనో ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉంటారు. కింది ఫ్లాటాయన సిగరెట్ పొగ తమ పడకగదిలోకి వస్తుంటే ఎవరికి చెప్పుకోవాలో మాత్రం వాళ్లకు తెలియదు. అద్దెకిచ్చిన ఓనరుకూ తెలియదు. ఈసారి ఆ సంగతి చూద్దాం.

రెండు వందల రూపాయల చట్టం

జనం తిరిగే చోట సిగరెట్ వెలిగిస్తే జరిమానా ఎంతో తెలుసా? 200 రూపాయల దాకా. 2003లో కేంద్రం చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టం పెట్టిన అంకె అది. అధికారుల భాషలో దాని పేరు కోట్పా. బీడీ, చుట్ట, పైపు అన్నీ దాని కిందికే వస్తాయి. అంతకు ముందే 1999 జూలైలో కేరళ హైకోర్టు, 2001 నవంబరులో సుప్రీంకోర్టు జనం మధ్య పొగ తాగడం కూడదని చెప్పాయి. తాగనివాడి ఊపిరి కూడా రాజ్యాంగం కాపాడే ప్రాణంలో భాగమేనన్నది ఆ తీర్పుల సారం.

2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పని చేసే చోట్లు, షాపింగ్ మాళ్లు, సినిమా హాళ్లు పేరు పెట్టి చేర్చారు. ఆరుబయలే కదా అని తప్పించుకోకుండా రైల్వే స్టేషను, బస్టాపు, స్టేడియం కూడా చేర్చారు. కాబట్టి ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి బీడీ ముట్టిస్తే తప్పే. మైపాడు ఇసుకలో కూర్చుని ముట్టిస్తే? బీచ్ అన్న మాట ఆ జాబితాలో లేదు. ‘అలాంటి ఇతర చోట్లు’ అని ఒక తోక ఉంది. ఆ తోకను ఎంత దూరం లాగవచ్చన్నది వకీళ్ల పని.

జరిమానా తాగినవాడికి మాత్రమే అనుకుంటాం. కాదు. ఆ చోటికి బాధ్యుడైన ఓనరో మేనేజరో ఫిర్యాదు అందాక కూడా పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాల సొమ్ము ఆయనే కట్టాలి. బోర్డు కొలత కూడా నిబంధనల్లో ఉంది. కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లు. అంతస్తులుంటే అంతస్తుకొకటి, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర కూడా పెట్టాలి. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ మనిషి పేరు రాసి తగిలించాలి. ఈ ముక్క చదివినప్పటి నుంచి నేను ఎక్కడికి పోయినా గోడలు వెతుకుతున్నాను. బోర్డులు కనపడుతున్నాయి, పేర్లు కనపడటం లేదు.

ఇక అపార్ట్‌మెంట్ సంగతి. చట్టం చెప్పిన బహిరంగ స్థలాల వరసలో ఆసుపత్రి ఉంది, కోర్టు ఉంది, లైబ్రరీ ఉంది, భోజన హోటలుంది. అపార్ట్‌మెంట్ అన్న మాట లేదు. అయితే ‘హక్కు ఉన్నా లేకపోయినా జనం రాగలిగిన ఏ చోటైనా’ అన్న వాక్యం బాగా వెడల్పైనది. పాలవాడు, పేపరు కుర్రాడు, గ్యాసు బండ తెచ్చేవాడు, కొరియర్ అబ్బాయి ఎక్కి దిగే మెట్లు అందులోకి వస్తాయని వాదించవచ్చు. పైగా వాచ్‌మన్‌కు అది పని చేసే చోటు. మెట్ల మలుపులో వెలిగించి, ఇది ప్రైవేటు బిల్డింగ్ అని ధీమాగా ఉండేవాళ్లు ఆ ధీమా కొంచెం తగ్గించుకోవచ్చు.

ఫ్లాటు గడప దాటి లోపలికి మాత్రం ఈ చట్టం రాదు. బాల్కనీ కూడా ఇంటి లెక్కే. ఎవరిల్లు వారిష్టం. పొగకు మాత్రం గడప పట్టదు.

తూర్పు బాల్కనీ

తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాటంటే మనవాళ్లకు మోజు. వాస్తు ఒక కారణం. నెల్లూరులో అంతకన్నా పెద్ద కారణం సముద్రపు గాలి. పగలు నేల త్వరగా కాగుతుంది, నీళ్లు నిదానంగా కాగుతాయి. నేల మీది వేడి గాలి పైకి లేస్తే ఆ వెలితిలోకి సముద్రం మీది చల్లగాలి తోసుకొస్తుంది. మే నెలలో ఆ గాలి మైపాడు దాటుకుని ఎప్పుడొస్తుందా అని ఊరు ఊరంతా కిటికీలు తెరిచి కూర్చుంటుంది. సరిగ్గా అదే వేళకు ఆఫీసు నుంచి ఇల్లు చేరిన పెద్దమనిషి, ‘లోపల బిడ్డలుండారు గదా’ అని మర్యాదగా బాల్కనీలోకి పోయి సిగరెట్ ముట్టిస్తాడు. గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తోంది. ఆ పొగ సముద్రానికి పోతుందా? ఆయన హాల్లోకే తిరిగొస్తుంది, పైవాళ్ల కిటికీ కూడా చూసి వస్తుంది.

రాత్రి పొద్దుపోయాక గాలి తిరగబడి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడైతే తూర్పు బాల్కనీ పొగ మైపాడు దారి పడుతుంది. ఇది సలహా కాదు, భూగోళ శాస్త్రం.

అసలు మన తీరంలో చుట్టకూ సముద్రపు గాలికీ పాత చుట్టరికమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంది. అడ్డపొగ అంటారు. గాలికి, తడికి ఆరిపోకుండా అలా మొదలైందని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో చెప్పిన అధ్యయనం 1971లో అచ్చయింది. నోటి వైద్యం చదివేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

కిటికీ తీస్తే పోతుందిలే అని తీసిపారేయడానికి లేదు. 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక రెండు మాటలు తేల్చి చెప్పింది. పక్కవాడి పొగ ఇంత వరకైతే ఫర్వాలేదు అనే హద్దు లేదు. ఫ్యాన్లు, గాలి మార్పిడి యంత్రాలు దాన్ని పూర్తిగా వదిలించలేవు. తాము తాగకుండానే ఇతరుల పొగ వల్ల ఏటా చనిపోయేవాళ్లు 13 లక్షల మంది దాకా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది.

మిణుగురులు

జపాన్‌లో ఇలా ఇంట్లోవాళ్ల మాట పడలేక బాల్కనీకి వచ్చి తాగేవాళ్లకు ఒక పేరుంది. హొతారు జోకు. మిణుగురు పురుగుల జాతి అని అర్థం. చీకట్లో బాల్కనీకొక ఎర్ర చుక్క వెలిగి ఆరుతుంటుంది మరి. 2012లో నగోయా జిల్లా కోర్టు అలాంటి ఒక మిణుగురు చేత పై అంతస్తులో ఉన్న పెద్దావిడకు 50,000 యెన్లు ఇప్పించింది. తన ఇంట్లో తాను తాగినా, పొరుగువాళ్లు బాధపడుతున్నారని తెలిసి కూడా ఏమీ చెయ్యకుండా అదే పని చేస్తే తప్పేనని కోర్టు అన్నది.

సింగపూర్‌లో 2013 జనవరి 15 నుంచి ఇళ్ల బ్లాకుల కారిడార్లలో, మెట్ల మీద, కింద ఖాళీ అంతస్తులో తాగకూడదు. అమెరికాలో ప్రభుత్వ అద్దె ఇళ్లన్నిటికీ 2018 జూలై నాటికి నిషేధం వచ్చింది. అది గడప దగ్గర ఆగలేదు. పడకగది లోపలికి పోయింది, బయట 25 అడుగుల దాకా కూడా పోయింది. ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో ఓనర్లు చాలాచోట్ల లీజుతో పాటు ‘పొగ తాగను’ అనే ఇంకో కాగితం జత చేస్తారు. ఎమ్మెస్ చదవడానికి పోయిన మన కావలి, నెల్లూరు పిల్లలు అక్కడ ఆ కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెడతారు. సెలవులకు ఇంటికొచ్చి మేడ మీద నిలబడి వెలిగిస్తారు. ఇక్కడ అడిగే కాగితం లేదు.

పదకొండు నెలల కాగితం

అద్దె అగ్రిమెంటు ఎప్పుడు చూసినా 11 నెలలకే ఎందుకుంటుందో తెలుసా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వల్ల. ఏడాదికి మించిన లీజును, ఏడాదికేడాది సాగే లీజును రిజిస్టరు చేయించి తీరాలని అది చెప్పింది. ఒక నెల తగ్గిస్తే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కే పని లేదన్నది పాత లెక్క. మన రాష్ట్రంలో 1999 సవరణతో ఎంత కాలపు లీజునైనా రిజిస్టరు చేయించాల్సి వచ్చింది, 11 నెలల అలవాటు మాత్రం పోలేదు. అంతే, ఇందులో ముహూర్తమూ లేదు, సెంటిమెంటూ లేదు.

ఆ కాగితం రాసేది దస్తావేజు లేఖరి. ఆయన కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది. పేర్లు, అద్దె, అడ్వాన్సు మార్చి ప్రింటు తీస్తాడు. నెలనెలా ఫలానా తేదీలోపు అద్దె కట్టాలి, కరెంటు బిల్లు అద్దెకున్నవాళ్లదే, గోడలకు మేకులు కొట్టరాదు, వేరొకరికి అద్దెకు ఇవ్వరాదు. నేను చూసిన అగ్రిమెంట్లలో మేకు గురించి రాయనిది లేదు, పొగ గురించి రాసినది లేదు.

ఓనరు నోటితో అడిగేవి వేరు. ఎంతమంది ఉంటారు, పెళ్లయిందా, చుట్టాలు ఎక్కువ వస్తారా, ‘మీ ఇంటిపేరేంది?’ అని ఒక చుట్టుదారి ప్రశ్న. ఆ తరువాత అసలు ప్రశ్న: నీసు వండుతారా? చేపల పులుసుతో పేరు మోసిన ఊళ్లో టులెట్ బోర్డు కింద ‘శాకాహారులకు మాత్రమే’ అని రాసి ఉండటం నాకు ఎప్పుడూ వింతే. పులుసు వాసన రెండు పూటలుంటుంది, మర్నాటికి ఆ ఇంటి ముందు నుంచి పోయేవాడికి ఆకలేస్తుంది. సిగరెట్ సంగతి అలా కాదు. నికోటిన్ గోడలకు, పరదాలకు, పరుపులకు అంటుకుని ఉండిపోతుంది. అలా అంటుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ తెచ్చే పదార్థాలుగా మారుతుందని 2010లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు చూపించారు. తాగినవాడు ఖాళీ చేసి పోయాక ఆ ఇంట్లోకి పసిబిడ్డతో దిగే కుటుంబానికి ఆ గోడలు వారసత్వం. ఓనరు అడగాల్సిన ప్రశ్న ఏదో ఇప్పుడు చెప్పండి.

అడిగి, కాగితం మీద రాయించుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. ఇంట్లో పొగ తాగకూడదనే షరతు ఇద్దరూ ఒప్పుకుంటే అది ఒప్పందమే. అయితే దానికి పళ్లు రావాలంటే రెండు మెలికలున్నాయి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, షరతు మీరితే ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకుంటానని కూడా కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఊరికే ‘తాగరాదు’ అని రాస్తే చాలదు. రెండోది, మీరగానే సామాన్లు బయట పెట్టడానికి లేదు. ఫలానా షరతు మీరారు, సరిదిద్దుకోండి అని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, తగినంత గడువిచ్చి, అప్పటికీ వినకపోతేనే కోర్టుకు పోవాలి. నీళ్లు ఆపడం, కరెంటు పీకడం, తాళం మార్చడం వంటి వీధి వైద్యాలేవీ ఆ చట్టంలో లేవు.

అసలు కాగితమే లేకపోతే? మన ఊళ్లలో సగం అద్దెలు నోటిమాట మీదే నడుస్తాయని అనిపిస్తుంది. అప్పుడు అది నెలనెలా సాగే అద్దె కింద లెక్క. అద్దె నియంత్రణ చట్టం అడ్డు రాకపోతే 15 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా ముగించుకోవచ్చు. కారణం పొగ అని చెప్పనక్కర్లేదు, చేపల పులుసు అని కూడా చెప్పనక్కర్లేదు.

ఖాళీ చేసేటప్పుడు గొడవంతా అడ్వాన్సు దగ్గరే. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల తప్ప అని అదే 1882 చట్టం అంటుంది. పసుపుబారిన సీలింగు మామూలు అరుగుదలా, కాదా? తాగేవాడు అవునంటాడు, ఓనరు కాదంటాడు. ఓనరు మాత్రం తాగినా తాగకపోయినా పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసుకుంటాడు. ఆ కోత ఎందుకని తాగని కుటుంబం గట్టిగా అడగాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నది. ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలన్నది. నమూనా కదా, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే పని చేస్తుంది. వాసన చూడటానికి ఓనరు మూడు రోజులకోసారి తలుపు తడుతుంటే మాత్రం ఆ 24 గంటల మాట ఆయనకు గుర్తు చెయ్యవచ్చు. మంచి మాట ఎక్కడిదైనా పనికొస్తుంది.

ముత్తుకూరు వైపు ఇంకో రకం చిక్కు. పోర్టు పనికి, కరెంటు ప్లాంట్ల పనికి వచ్చిన కుర్రాళ్లు ఇంటికి నలుగురు చొప్పున ఉంటారు. అగ్రిమెంటు ఒకడి పేరు మీద. తాగేది మిగతా ముగ్గురైనా బాధ్యత సంతకం పెట్టినవాడిదే. ఆ కుర్రాడు తాగనివాడైతే మరీ పాపం.

పక్క ఫ్లాటు సంగతి

మీ ఓనరుకూ మీకూ మధ్య ఎంత మంచి కాగితం ఉన్నా, కింది ఫ్లాటాయన దాని మీద సంతకం పెట్టలేదు. ఆయన్ని కట్టేది అసోసియేషన్. అపార్ట్‌మెంట్ల నిర్మాణానికీ యాజమాన్యానికీ మన రాష్ట్రంలో 1987లోనే ఒక చట్టం వచ్చింది. మెట్లు, లిఫ్టు, మేడ, కారిడారు అందరివీ ఉమ్మడి. వాటి వాడకానికి అసోసియేషన్ నియమాలు పెట్టుకోవచ్చు, పొగ గురించి కూడా. అద్దెకున్నవాడికి అక్కడ సాధారణంగా సభ్యత్వం ఉండదు, ఓటు ఉండదు. కానీ అగ్రిమెంటులో ఎక్కడో ‘అసోసియేషన్ నియమాలకు కట్టుబడి ఉంటాను’ అని ఒక లైను ఉంటుంది. ఆ నియమాల పుస్తకం చూపించమని అడిగిన అద్దెవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. మెయింటెనెన్స్ కట్టేది మీరు. అడగండి.

1960లో వచ్చిన మన రాష్ట్ర పాత అద్దె నియంత్రణ చట్టం, అదే భవనంలో ఉన్నవాళ్లకు గానీ చుట్టుపక్కల వాళ్లకు గానీ బెడదగా ప్రవర్తించడాన్ని ఖాళీ చేయించే కారణాల్లో ఒకటిగా రాసింది. అందులో పొగ అన్న మాట లేదు, పొగ కూడా బెడదే అనడానికి అడ్డూ లేదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు అని రాసుకున్న వాళ్లకే బెడదను రుజువు చెయ్యడం సాధ్యం. ఒక పాత క్యాలెండరు చాలు.

ఈ-సిగరెట్ అయితే పొగ కాదు, ఆవిరే కదా అనేవాళ్లకు ఒక్క మాట. 2019 చట్టంతో దాన్ని తయారు చెయ్యడం, అమ్మడం, దిగుమతి, నిల్వ అన్నీ దేశమంతా నేరాలయ్యాయి. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. నిల్వకు ఆరు నెలల దాకా జైలో, 50,000 దాకా జరిమానానో, రెండూనో. దాని ముందు మన 200 రూపాయల బీడీ ఏ మూలకు!

అగ్రిమెంటు రాయించే రోజు దస్తావేజు లేఖరికి ఈ వాక్యం ఇవ్వండి: ‘ఇంటి లోపల, బాల్కనీలో, ఉమ్మడి స్థలాల్లో అద్దెదారు గానీ, వారి కుటుంబం గానీ, అతిథులు గానీ పొగ తాగరాదు, రాతపూర్వక నోటీసు ఇచ్చిన తరువాత కూడా మీరితే లీజు రద్దయి ఇల్లు యజమాని స్వాధీనమవుతుంది, ఇదే నియమం ఆ భవనంలో నివసించే యజమానికీ వర్తిస్తుంది.’ ఆ చివరి ముక్క తీసెయ్యమని ఓనరు అంటే, పైన వరండాలో చుట్ట కాల్చే తాతగారెవరో ఉన్నట్టు. ఇంట్లో దిగే ముందే గోడలకు, సీలింగుకు ఫోటోలు తీసి పెట్టుకోండి. సంతకాలయ్యాక జిరాక్సు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.